నాలుగు వేళ్ళ కత్తి

కత్తి చేతికి వచ్చిన పూట ఓంకార్‌కు అన్నం సహించలేదు. ఒంట్లో బాగాలేక కాదు, సంతోషం పట్టలేక. అరబ్బు దేశంలో, బహ్లా అనే ఊళ్ళో, హమూద్ వర్క్‌షాప్‌లో చేరి ఏళ్ళు గడిచాయి. ఇన్నేళ్ళలో అతను చేసిందేమిటయ్యా అంటే ఇళ్ళకు గేట్లు, కిటికీలకు గ్రిల్లులు, మేకల దొడ్లకు తలుపులు. పేరుకు కమ్మరి. నిజామాబాద్ వైపు వాళ్ళ తాతముత్తాతలు కొలిమి ముందు కూర్చుని ఊరందరి కర్రులూ కొడవళ్ళూ సాగగొట్టినవాళ్ళు. మనవడేమో నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని, చిటపటమని రెండు పైపులు అతికించి, ఇదే ఇనప పని అనుకుంటూ కాలం గడుపుతున్నాడు. అలాంటివాడి ఒళ్ళోకి కత్తి వచ్చి పడింది. అదీ మామూలు కత్తి కాదు, బహ్లా అంతా పేరెత్తి చెప్పుకునే కత్తి.

దాని కథ ఆ ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. బహ్లా చుట్టూ ఇప్పటికీ మైళ్ళ కొద్దీ మట్టిగోడ ఉంది. నబ్హానీ రాజుల కాలంలో, కొన్ని వందల ఏళ్ళ కిందట, శత్రువులు ఆ గోడ మీద పడ్డారట. హమూద్ వంశానికి మూలపురుషుడు రాషిద్ అనే రౌతు. గోడకు పడ్డ గండిలో గుర్రాన్ని అడ్డంగా నిలిపి, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఒక్కడే నిలబడ్డాడట. నడిమధ్యలో కత్తి పిడి విరిగి ఊడిపోయింది. ఇంకొకడైతే కత్తి పారేసి పరుగు లంకించుకునేవాడు. రాషిద్ మాత్రం ఉక్కునే వట్టి చేత్తో బిగబట్టి కొట్టాడట. సాయంత్రానికి శత్రువు వెనుదిరిగాడు. రాషిద్ గుర్రం మీంచి ఒరిగిపోయాడు, కానీ ప్రాణం పోయినా చెయ్యి కత్తిని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీస్తే ఉక్కు మీద నాలుగు నల్లటి ముద్రలు మిగిలాయి. తర్వాత వేసిన పిడికి బెత్తెడు పైన, ఒకదాని పక్కన ఒకటి, అవి ఇప్పటికీ ఉన్నాయి. నమ్మేవాళ్ళు నమ్ముతారు. నమ్మనివాళ్ళు హమూద్ తండ్రి సులేమాన్ ఎదుట ఆ మాట అనరు.

పండగ వచ్చిందంటే బహ్లా మగవాళ్ళు డోళ్ళ మోతకు కత్తులు పట్టి ఆడతారు. కత్తిని పైకెత్తి మణికట్టుతో గిలకరిస్తే పలచటి ఉక్కు వణికి, జుమ్మని మోగుతుంది. ఆ ఊపులోనే దాన్ని ఆకాశంలోకి విసిరి, గిరగిరా తిరిగి కిందికి వస్తుంటే పిడి దగ్గర పట్టుకుంటారు. ఆ ఏడు, 2014లో, దసరా శుక్రవారం నాడు వచ్చింది, దాని వెనకే బక్రీదు. ఈ బక్రీదుకు ముసలాయన సులేమాన్ ఊరందరి ముందు కత్తిని కొడుకు చేతికి అప్పగించాలనుకున్నాడు. అప్పగించే ముందు ఆ నాలుగు ముద్రలనూ పిల్లలందరికీ చూపించడం ఆ ఇంటి ఆనవాయితీ. చిక్కల్లా పిడి వదులైంది. వదులు పిడితో పైకి ఎగరేస్తే కత్తి వచ్చి ఎవడి నెత్తిన దిగుతుందో చెప్పలేం. నిజ్వాకు పంపుదామంటే పండగ ముందు అక్కడి కత్తిపనివాళ్ళకు ఊపిరి సలపడం లేదు. నువ్వు కమ్మరివే కదా అని హమూద్ దాన్ని తెచ్చి ఓంకార్ చేతిలో పెట్టాడు. శుక్రవారం జుమ్మా అయ్యాక నాన్నే వచ్చి తీసుకుంటాడు, దానికి ఏదైనా అయితే నువ్వు సామాను సర్దుకోవడమే అని కూడా అన్నాడు. ఓంకార్ ఆ చివరి ముక్కను చెవిన పెట్టనే లేదు.

గురువారం మధ్యాహ్నానికి పిడి బిగిసింది. పాత సీలను పొడిచి తీసి, కొత్త సీల దిగేసి, రెండు కొసలూ సుత్తితో సాగగొట్టాడు. వెల్డింగ్ మిషన్ వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. పని అయ్యాక కత్తిని పైకెత్తి, మణికట్టు తిప్పాడు. అది జుమ్మన్నది. ఓంకార్ ఒళ్ళంతా పులకరించింది, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి మళ్ళీ తిప్పాడు.

సాయంత్రం ఖాదర్‌వలి వచ్చాడు. ప్రొద్దుటూరు మనిషి, ఓంకార్‌తో ఒకే రూమ్‌లో ఉంటాడు. టూరిస్టులను కారెక్కించుకుని కోటలు తిప్పడం అతని డ్యూటీ, ఆ కోటల గురించి గోరంతను కొండంత చేసి చెప్పడం సరదా. కత్తిని చూడగానే అతనికి నాలుక దురద పుట్టింది. కిందటి చలికాలంలో స్పెయిన్ నుంచి వచ్చిన దంపతులు దారి పొడుగునా చెప్పిన కథ ఒకటి ఉంది, విని తీరాల్సిందే అని పాత టైరు మీద కూర్చున్నాడు.

వెయ్యేళ్ళ కిందట అక్కడ రొద్రిగో అని ఒక వీరుడు ఉండేవాడట. అరబ్బు రాజుల మీద పోరాడాడు, అరబ్బు రాజు కొలువులో చేరి వాళ్ళ తరఫునా పోరాడాడు. వాళ్ళు మర్యాదగా సయ్యదీ అని పిలిస్తే అదే ‘సిద్’ అయి ఆయనకు పేరుగా నిలిచిపోయింది. ఆయన కత్తి పేరు తిసోనా, అంటే మండే కొరివి. సముద్రం దాటి వచ్చిన ఒక రాజును ఒడ్డుదాకా తరిమి, కొట్టి, దాన్ని గెలుచుకున్నాడని కథ. ఇంతవరకు చెప్పి ఖాదర్‌వలి లేచి నిలబడ్డాడు, ఎందుకంటే అసలు సంగతి ఇక్కడే ఉంది. సిద్‌కు ఇద్దరు అల్లుళ్ళు. పుట్టుక ఘనం, గుండె మాత్రం పిరికిది. ఇంట్లో పెంచుకునే సింహం బోనులోంచి తప్పించుకుంటే ఒకడు బల్ల కింద దూరాడు. అలాంటి వాళ్ళ చేతుల్లో కూతుళ్ళనూ పెట్టాడు, కత్తులనూ పెట్టాడు మహానుభావుడు. జనం నవ్వారన్న ఉక్రోషంతో ఆ ఘనులు ఆడపిల్లలను అడవిలోకి తీసుకుపోయి, కొట్టి, వదిలేసి వెళ్ళారు. సిద్ రాజుగారి కొలువుకు పోయి మొట్టమొదట అడిగింది తన కత్తులను. ఇంతేనా, పీడా పోయిందని అల్లుళ్ళు ఇచ్చేశారు. ఆయన తిసోనాను తన మేనల్లుడి చేతిలో పెట్టి, ఇక బరిలోకి రమ్మన్నాడు. నిన్నటిదాకా, బల్ల కింద దూరిన ఆ అల్లుడి మొలలో వేలాడిన కత్తే అది. ఇప్పుడు ఎదుటివాడి చేతిలో ఒరలోంచి సర్రున లేచేసరికి, వేటు పడకముందే ఓడిపోయానని కేక పెట్టాడట.

ఖాదర్‌వలి ఫోన్ తీసి బొమ్మ చూపించాడు. బుర్గోస్ అనే ఊళ్ళో, మ్యూజియంలో, అద్దం వెనక దీపాల కింద తళతళలాడుతోంది తిసోనా.

“ఇది నిజంగా ఆయన కత్తేనా కాదా అని చదువుకున్నోళ్ళు ఇంకా కొట్లాడుకుంటానే ఉండారంట. జనం మాత్రం ఎగబడి చూస్తాండారు. పట్టినోని చెయ్యిని బట్టి దానికి బలం వస్తాదంట ఓంకారూ.”

తర్వాత పడుకున్నాడే గానీ ఓంకార్ కళ్ళ ముందు ఆ తళతళే. వాళ్ళ వీరుడి కత్తికి దీపాలూ అద్దాలూ, మన రాషిద్ కత్తికి తుప్పూ మట్టీనా అని అతనికి రోషం పుట్టింది. రాషిద్ ఎప్పుడు ‘మన’ రాషిద్ అయ్యాడో అతనికే తెలియదు.

తెల్లవారితే దసరా. కమ్మరి ఇంట ఆ రోజు సుత్తీ పటకారూ ఇనుము పెట్టి కొట్టే దాకలీ చింతపండుతో, ఇటుకపొడితో మెరిసేలా తోమి, కడిగి, వరసగా పేర్చి మొక్కుతారు. మకిలి పట్టిన పనిముట్టు పండగ చూస్తే ఏడాదంతా పని మకిలిగానే సాగుతుందని పెద్దల మాట. సెలవు రోజు, వర్క్‌షాప్‌లో ఎవరూ లేరు. ఓంకార్ స్నానం చేసి, సుత్తులు తోమాడు, పటకార్లు తోమాడు. గ్రైండర్‌ను కూడా తుడిచి వరసలో కూర్చోబెట్టాడు. వరస మొదట్లో, కొత్త తువ్వాలు మీద, కత్తి పెట్టాలని అతని ఆశ. ఖాదర్‌వలి రూమ్‌లోనే ఆ మాట విని, వాళ్ళ వస్తువుకు బొట్టూ గిట్టూ పెట్టొద్దు సుమా అని ముందే హెచ్చరించాడు. అంతమాత్రం నాకు తెలియదా, ఊరికే పక్కన పెడతానంతే అన్నాడు ఓంకార్. అయితే పక్కన పెట్టాలన్నా తోమకుండా ఎలా పెడతాడు?

ముద్రల సంగతి అతనికి గుర్తు లేక కాదు. గుర్తుంది కాబట్టే భయపడలేదు. వీరుడి చెయ్యి ఉక్కు మీద వేసిన ముద్ర, వందల ఏళ్ళు చెక్కుచెదరని ముద్ర, దాన్ని పిడికెడు చింతపండు ఏం చేస్తుంది? ఊళ్ళో అందరికన్నా గట్టిగా నమ్మినవాడు ఎవడంటే ఈ ఓంకారే. కొసనుంచి మొదలుపెట్టి పిడిదాకా, పాడుకుంటూ, రెండు వైపులా తోమాడు. నీళ్ళు పోసి గుడ్డతో తుడిచాడు. గుడ్డ నల్లగా అయింది, కత్తి వెండిలా అయింది. నాలుగు ముద్రలూ లేవు.

అతను కత్తిని తిరగేసి చూశాడు. వెలుతురులోకి తెచ్చి చూశాడు. మళ్ళీ మొదటి వైపు చూశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అలా అయింది. దాకలి పక్కనే కూలబడ్డాడు. అతనికి ఏడుపు వచ్చింది ఉద్యోగం కోసం కాదు. ముసలాయన రేపు పిల్లలందరినీ పిలిచి వట్టి ఇనుము చూపించాలి. వందల ఏళ్ళు నిలిచినదాన్ని తను ఒక్క పొద్దున తుడిచేశాడు.

ఖాదర్‌వలి జుమ్మాకు బయల్దేరుతూ వచ్చి చూసి, రెండు చెంపలూ వాయించుకున్నాడు. బహ్లా అంటే అతనికి మొదటినుంచీ జిన్నుల భయం, ఇంత పాత కత్తి జోలికి పోతే ఊరుకుంటాయా అన్నాడు. అయినా స్నేహితుడు కదా, గబగబా ఉపాయం ఆలోచించాడు. కాలిన ఇంజిన్ ఆయిల్ పూస్తే? అది చేతికి అంటుతుంది అన్నాడు ఓంకార్. అసలు ఉపాయం ఓంకార్‌కే తెలుసు. ఇంటి దగ్గర కరక్కాయ కషాయం ఇనుము మీద పూస్తే నల్లగా పట్టుకుంటుంది. ఇక్కడ కరక్కాయ దొరకదు గానీ, ఖాదర్‌వలి మొన్న జబల్ అఖ్దర్ కొండ నుంచి తెచ్చిన దానిమ్మలు బుట్టెడున్నాయి. తొక్కలు మరిగిస్తే అదే పని చేస్తుంది. నమాజు అయ్యేలోపు నాలుగు మచ్చలు పెట్టేయొచ్చు, ఎవడికీ తెలియదు.

“ఏసుడు నాకొస్తది ఖాదర్ భాయ్. గని ఆ ఏళ్ళు ఆయనయి గావు గదా. నా ఏళ్ళు వెట్టి ఆయనయని ఎట్ల జెప్పాలె?”

నీ ఖర్మ అని ఖాదర్‌వలి నమాజుకు పోయాడు. ఓంకార్ కత్తిని తువ్వాలు మీద పెట్టి, సామాను సర్దుకోవాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు.

నమాజు వదిలిన కాసేపటికి కారు ఆగింది. హమూద్ స్టీరింగ్ దగ్గరే ఉండిపోయాడు. సులేమాన్ కర్ర పోటు వేసుకుంటూ ఒక్కడే లోపలికి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, చూపు ఇంకా చురుకే. పేర్చిన పనిముట్లను చూశాడు, కత్తిని చూశాడు, వంగి మరీ చూశాడు. ఓంకార్ తనకు వచ్చిన అరబ్బీ ముక్కలూ హిందీ ముక్కలూ కలిపి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మా పండగకు తోమాను, పోతాయనుకోలేదు, తప్పు నాదే, ఏ శిక్షకైనా సిద్ధమే అన్నాడు. ముసలాయన కర్ర పైకి లేచింది. ఓంకార్ కళ్ళు మూసుకున్నాడు. కర్ర వీపు మీద కాదు, షట్టర్ మీద పడింది. దాన్ని కిందికి దించమని సైగ చేశాడు.

“దేనితో తోమావు?” అని అడిగాడు.

ఓంకార్ చింతపండు చూపించాడు. ముసలాయన దాన్ని వేలితో నొక్కి, వాసన చూసి, తల పంకించాడు.

“నేను నిమ్మకాయతో తోమాను” అన్నాడు.

ఓంకార్‌కు మొదట అర్థం కాలేదు. సులేమాన్ స్టూలు లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు. చిన్నప్పుడు, ఒక పండగ ముందు, నాన్నను సంతోషపెడదామని ఈ కత్తిని దొంగచాటుగా నిమ్మకాయతో తోమాడట. ముద్రలు నీళ్ళలో కలిసిపోయాయి. తండ్రి ఖర్జూరపు మట్ట విరిగేదాకా బాదాడు. ఆ తర్వాత తలుపు గడియ వేసి, దానిమ్మ తొక్కలు మరిగించి, తన నాలుగు వేళ్ళూ ముంచి కత్తిని పట్టుకున్నాడు. వెక్కుతూనే పిల్లవాడు అడిగాడట, అయితే ఇదంతా అబద్ధమా అని. రాషిద్ గండిలో నిలబడ్డ మాట నిజం, పట్టు వదలని మాట నిజం, ఉక్కుకు అది గుర్తుండదు కాబట్టి మనం గుర్తు చేస్తూ ఉంటాం అన్నాడట తండ్రి. ఆయనకు ముందు ఆయన తండ్రీ వేశాడట. రాషిద్ సొంత ముద్రలు ఏనాడు పోయాయో, అసలు పడ్డాయో లేదో, ఆ దేవుడికే తెలియాలి.

పొద్దుటినుంచీ తను పోగొట్టానని ఏడ్చింది రాషిద్ వేళ్ళను కాదు, ఈ ముసలాయన తండ్రి వేళ్ళను. తీరా చూస్తే కథ పోలేదు, ఇక్కడే షట్టర్ వెనక స్టూలు మీద కూర్చుని ఉంది. అతనికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చేతులు జోడించి, అయితే మీ వేళ్ళు పెట్టండి, తొక్కలు నేను మరిగిస్తాను అన్నాడు.

సులేమాన్ తన చెయ్యి చాపి చూపించాడు. కీళ్ళు వాచి వేళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు వంగి ఉన్నాయి. మరి అర్బాబ్‌ను, అదే యజమాని హమూద్‌ను, పిలవనా అంటే వద్దని గట్టిగా తల ఊపాడు. హమూద్ నమ్ముతున్నాడు, నమ్మినవాడు ఆడితేనే చూడాలి, నేను పోయేముందు చెబుతాలే అన్నాడు. ఆ తర్వాత ఓంకార్ చెయ్యి పట్టుకుని, వేళ్ళు విడదీసి, బేరానికి వచ్చినవాడిలా పరీక్షగా చూశాడు.

ఓంకార్ బిత్తరపోయాడు. నేను పరాయివాణ్ణి, మీ మతం వాణ్ణి కూడా కాదు, నా వేళ్ళు ఎలా అన్నాడు.

“మా వాళ్ళలో ఎవరి వేళ్ళు పెట్టినా వాడు రేపు గొప్పలు పోతాడు. నువ్వు పోలేవు. పోయినా ఎవడూ నమ్మడు” అన్నాడు ముసలాయన. “పొయ్యి వెలిగించు.”

ఆ తర్వాత జరిగిందంతా ఓంకార్‌కు పూనకంలో జరిగినట్టే ఉంటుంది. దానిమ్మలు వలిచి తొక్కలు గిన్నెలో వేశాడు. తుప్పు మేకులు గుప్పెడు పడేశాడు. గ్యాసు పొయ్యి మీద అది కుతకుతా ఉడికి, చిక్కబడి, నల్లబడింది. బయట హమూద్ హారన్ కొట్టాడు. ముసలాయన లోపలినుంచే, సీల ఇంకా సాగగొడుతున్నాం, అరవకు అని గద్దించాడు. ఇంకాసేపటికి హమూద్ దిగివచ్చి షట్టర్ తట్టాడు. ఓంకార్ పొయ్యికి అడ్డంగా నిలబడ్డాడు. సులేమాన్ మాత్రం సుత్తి తీసుకుని దాకలి మీద టంగు టంగుమని నాలుగు దెబ్బలు వేసి కొడుకును నమ్మించాడు. ఎనభై ఏళ్ళ మనిషి ముఖం దొంగతనంగా మామిడికాయలు కోసే పిల్లవాడి ముఖంలా వెలిగిపోతోంది.

కషాయం చల్లారాక ఓంకార్ నాలుగు వేళ్ళూ ముంచాడు. పిడికి బెత్తెడు పైన ఉక్కును పట్టుకున్నాడు. ఆటకత్తి కనుక అంచు ఏనాడో మొద్దుబారింది, కొయ్యలేదు. కదలకు అన్నాడు ముసలాయన. ఊపిరి కూడా సగమే పీల్చుతూ ఓంకార్ అలాగే నిలబడ్డాడు. ఎంతసేపని అడిగితే, ఆయన సాయంత్రందాకా పట్టుకున్నాడు, నువ్వు కాసేపు పట్టుకోలేవా అన్నాడు సులేమాన్. వేళ్ళు తిమ్మిరెక్కాయి, మణికట్టు లాగింది. వదలమన్నాక వదిలి చూస్తే, నాలుగు ముద్రలు, ఒకదాని పక్కన ఒకటి, నల్లగా, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు ఉన్నాయి. నూనె గుడ్డతో తుడిచినా చెదరలేదు.

సాయంత్రం ఖాదర్‌వలి సంగతేమైందని ఆత్రంగా అడిగాడు. ముద్రలు వాటంతట అవే తిరిగి వచ్చాయన్నాడు ఓంకార్. ఇంకేం, ఖాదర్‌వలి కళ్ళు గుండ్రంగా తిరిగాయి. పొద్దున అవి లేకపోవడం తన కళ్ళతో చూసిన సాక్షి అతను ఒక్కడే కదా. పండగ నాటికి ఆ వార్త ఇబ్రి దాకా పాకింది, నడుమ ఒక జిన్ను కూడా వచ్చి చేరింది.

బక్రీదు పొద్దున మైదానం నిండిపోయింది. డోళ్ళు మోగుతుంటే సులేమాన్ కత్తిని రెండు చేతులా ఎత్తి పిల్లలకు ముద్రలు చూపించి, రాషిద్ కథ చెప్పాడు. ఒక్క మాట తడబడలేదు. కత్తి హమూద్ చేతికి వెళ్ళింది. అతను గిలకరిస్తే అది మోగిన మోతకు డోళ్ళవాళ్ళు కూడా ఒక క్షణం తగ్గారు. పైకి విసిరాడు, ఎండలో అది మూడు చుట్లు తిరిగింది, పిడి వచ్చి సరిగ్గా అరచేతిలో పడింది. జనం హోరెత్తారు. ఓంకార్ కూడా అరిచాడు, ఏ భాషలో అరిచాడో అతనికే తెలియదు.

ఆట ముగిశాక హమూద్ చెమటలు కక్కుతూ నేరుగా ఓంకార్ దగ్గరికి వచ్చాడు. పిడి రాయిలా ఉంది, నీకు ఏమిచ్చినా తక్కువే, ఇది మాత్రం మా ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ ఇవ్వని గౌరవం అంటూ కత్తిని చాపాడు. రాషిద్ వేళ్ళ మీద నీ వేళ్ళు పెట్టి చూసుకో అన్నాడు. చుట్టూ పిల్లలు మూగారు. పెడితే అచ్చంగా సరిపోతాయి. వెనక కర్ర మీద ఆనుకుని సులేమాన్ ఇటే చూస్తున్నాడు. ఓంకార్ చెయ్యి చాపాడు, వేళ్ళను బాగా దగ్గరగా ముడుచుకుని, ముద్రల మీద కొంచెం పక్కకు ఆనించాడు.

హమూద్ చూసి నవ్వాడు.

“చూశావా, రాషిద్ చెయ్యి నీ చేతికన్నా ఎంత పెద్దదో.”

“అవును అర్బాబ్” అన్నాడు ఓంకార్. “చానా పెద్దది.”